గట్టు దాటిన స్లగ్

నేను మొదటిసారి ఎయిర్ రైఫిల్ పట్టుకున్నది మనుషుల్ని కొట్టడం మానేద్దామని. వినడానికి వింతగా ఉంటుంది కానీ జరిగింది అదే.

ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో నా ఉద్యోగం. కొలిమి దగ్గర్నుంచి వచ్చిన ఉక్కు ముక్కని అరగదీసి, మెషిన్‌లో పెట్టి, అందులో ఏది ఎంత ఉందో చూసి చెప్పాలి. ఒక మధ్యాహ్నం నా పక్క బల్ల మీద పనిచేసే అతను నా రిపోర్టు చదివి, "వంటింట్లో ఉప్పు చూసినట్టు చూసిందిరా ఈవిడ" అని అందరికీ వినపడేలా నవ్వాడు. నా చేతిలో పటకారు ఉంది. విసిరేశాను. అతని చెవి పైభాగం చీలి, తెల్లకోటు భుజం మీదంతా రక్తం కారింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ రక్తం చూసినప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు తేలికపడ్డట్టు అనిపించింది. నన్ను భయపెట్టింది ఆ తేలికదనమే.

అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. కూర్మన్నపాలెంలో మా ఇంట్లో గాజు సామాను ఒక్కటి కూడా మిగల్లేదు. మా ఆయన ఏ గొడవా పెట్టుకోకుండా స్టీలు గ్లాసులు కొనుక్కొచ్చేవారు. మాటా మాటా వస్తే ముందు నా చేతుల వైపు చూసేవారు. పెళ్ళైన పదేళ్ళకి మొగుడు పెళ్ళాం మొహం కాకుండా చేతులు చూస్తున్నాడంటే ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

ల్యాబులో క్షమాపణ రాయించుకున్నాక పెద్దాఫీసరు, "ఏదైనా ఆట నేర్చుకోమ్మా, ఒంటికి మంచిది" అన్నారు. మా క్వార్టర్ల క్లబ్బులో పది మీటర్ల షూటింగ్ గది ఒకటి ఉండేది. పొడుగాటి వసారా, ఒక చివర నాలుగు బల్లలు, ఇంకో చివర కాగితపు గురులు. అక్కడి రైఫిళ్ళు బాగుచెయ్యడానికి నెలకోసారి మా ఊరి పాతబస్తీ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. తాళాలు, కుట్టుమిషన్లు, బీచిలో బెలూన్లు కాల్చే తుపాకులు, అన్నీ బాగుచేసే చెయ్యి ఆయనది. అందరూ ఆయన్ని చాచా అనేవారు. నేనూ అలాగే పిలిచాను.

మొదటిరోజు నా కాల్పులు చూసి ఆయన నా భుజం మీద స్క్రూడ్రైవర్‌తో తట్టాడు.

"బేటీ, నువ్వు గురిని కొడతన్నావా, గురి మీద పగ తీర్సుకుంటన్నావా?"

"రెండూ ఒకటి కావేటి చాచా?"

"కాదు. కోపంతో ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ మూతి పైకి లెగుత్తాది. కోపమొత్తే బోల్టు తెరిసేసి కింద పెట్టీ. తగ్గినాక మళ్ళీ తీసుకో."

ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. గడియలాంటి ఆ బోల్టు వెనక్కి లాగి తెరవడం, కింద పెట్టడం, ఊపిరి వదలడం. ఇంట్లో కూడా చెయ్యి పైకి లేవబోతే, లేని బోల్టుని వేళ్ళతో వెనక్కి లాగేదాన్ని. మా ఆయన చూసి చూడనట్టు ఊరుకునేవారు. జిల్లా పోటీల్లో రెండుసార్లు పతకం వచ్చింది. నలభై దాటాక మా ఇంట్లోకి గాజు గ్లాసులు తిరిగి వచ్చాయి.

పది మీటర్లలో మేము కాల్చేవి పెల్లెట్లు. చిన్న డమరుకం లాంటి సీసపు ముక్క. తల చదునుగా ఉంటుంది, నడుము సన్నంగా ఉంటుంది, వెనక గుల్లగా పావడాలా విచ్చుకుని ఉంటుంది. కాగితాన్ని గుండ్రంగా, కత్తిరించినట్టు కోస్తుంది. గదిలో కాలిస్తే అంత బుద్ధిమంతురాలు ఇంకోటి లేదు. ఆరుబయట, యాభై మీటర్ల దూరంలో మాత్రం సముద్రపు గాలి ఆ నడుము పట్టుకుని ఎటు కావాలంటే అటు తోసేస్తుంది.

ఆ సంగతి నాకు తెలిసింది రుషికొండ దాటాక ఒక లేఅవుట్‌లో. ప్లాట్లు అమ్ముడుపోని ఆ స్థలం యజమానికి ఎయిర్ రైఫిళ్ళ పిచ్చి. ప్రహరీ లోపల యాభై మీటర్లు కొలిపించి, చివర మట్టిగట్టు పోయించి, దాని మీద ఇసుక బస్తాలు పేర్పించి, ఆదివారాలు పోటీలు పెట్టేవాడు. బల్ల మీద రైఫిల్ ఆనించి కాల్చడమే. మేము పదిమందిమి వెళ్ళేవాళ్ళం, ఆడదాన్ని నేనొక్కదాన్నే. మైదానం చూసుకునే పని చాచాకి అప్పజెప్పారు. ఎర్రజెండా, ఈల ఆయన చేతిలో ఉండేవి.

గట్టు వెనక సరుగుడు తోట. తోట దాటితే ఇసుక, అక్కడ ఒక జాలరి ఊరివాళ్ళు వలలు బాగుచేసుకునేవారు. మొదటి పోటీకి ముందు చాచా తోటంతా అడుగులతో కొలిచాడు. గట్టు దాటి ఒక పెల్లెట్ పోయినా అది సరుగుడు చెట్ల లోపలే ఊపిరి వదిలేస్తుందని తేల్చుకున్నాడు. ఆ తర్వాత స్వయంగా ఇసుకలోకి వెళ్ళి, వలల దగ్గర కూర్చున్నవాళ్ళకి చెప్పొచ్చాడు. "తోటలోకి రాకండి బాబూ. ఇసకలో మీ పని మీరు సేసుకోండి. ఇక్కడికేటీ రాదు. నాది పూచీ." ఆయన ఈ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

నాకు స్లగ్ రుచి చూపించింది ఆ లేఅవుట్ యజమానే. స్లగ్‌కి నడుము లేదు, పావడా లేదు. పెన్సిల్ ముక్కలా తిన్నగా, నిండుగా ఉండే సీసం. ముక్కు దగ్గర చిన్న గుంట. గాలికి పట్టు దొరికేంత చోటివ్వదు. పెల్లెట్‌తో నా పది గుండ్లూ అరచెయ్యంత మేర చెదిరిపోయేవి. స్లగ్‌తో అవే పది గుండ్లూ రూపాయి బిళ్ళ కింద దాగాయి. దెబ్బ చప్పుడు కూడా వేరు. పెల్లెట్ రేకుకి తగిలితే గోటితో కొట్టినట్టు ఉంటుంది. స్లగ్ తగిలితే పిడికిలితో గుద్దినట్టు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా ఒళ్ళు తేలికపడేది. ల్యాబులో పటకారు విసిరిన రోజులాగే. ఆ పోలిక అప్పుడే తోచింది నాకు. తోసిపుచ్చాను.

చాచాకి స్లగ్ అంటే పడేది కాదు. ఆయన దుకాణంలో, బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి నాకు పాఠం చెప్పాడు.

"ఇది సూడు, పెల్లెట్టు. గాలితో పోట్లాడీ పోట్లాడీ అలిసిపోయి పడిపోద్ది. దానికో దయుంది. ఇది స్లగ్గు. దీనికి అలుపు లేదు. ఎవుడో ఒకడు ఆపినదాకా పోతానే ఉంటాది."

"పోటీలో అలుపు లేనిదే కావాల కదా చాచా."

"పోటీకి కావాల. మన గట్టుకి ఒద్దు. ఆ గట్టు పెల్లెట్టుకి కట్టింది."

నేను నవ్వి ఊరుకున్నాను. హైదరాబాదు నుంచి రెండు డబ్బాల స్లగ్గులు తెప్పించుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున సముద్రం మీంచి గాలి జోరుగా ఉంది. మొదటి విడత నేను పెల్లెట్లతోనే కాల్చాను. గుండ్లు గురి కార్డంతా చెదిరాయి. లేఅవుట్ యజమాని నా పక్క బల్ల. అతనూ పెల్లెట్లే కాల్చాడు గానీ గాలి కాస్త తగ్గినప్పుడల్లా నొక్కాడు, ఓపిక ఉన్న మనిషి. నాకంటే చాలా ముందున్నాడు. టీ తాగుతూ, నా కార్డు పైకెత్తి అందరికీ చూపించి, "మేడమ్ గారు గురికి ముగ్గేశారండి" అన్నాడు.

రెండో విడతకి నేను స్లగ్గుల డబ్బా బల్ల మీద పెట్టాను. చాచా చూసి గబగబా వచ్చాడు.

"ఏటి బేటీ ఇది?"

"స్లగ్గులు. ఓపెన్ పోటీయే కదా."

"గట్టు సంగతి సెప్పినాను నీకు."

యజమాని కల్పించుకున్నాడు. "రూల్స్‌లో ఉంది చాచా. ఏ గుండైనా కాల్చొచ్చు. కాల్చనియ్యండి, ఓడిపోతే గాలి వంక చెప్పడానికి ఉండదు."

"ఎప్పుడైనా కార్డు దాటి కొట్టినానా చాచా నాను?" అన్నాను. "పాతిక గుండ్లే కదా."

ఆయన చాలాసేపు గట్టు వైపు చూశాడు. వారం క్రితం పడ్డ వానకి పైవరస బస్తా ఒకటి జారి ఉంది. దాన్ని సరిచెయ్యమని అంతకుముందే యజమానికి చెప్పాడు, అతను చెయ్యించలేదు. చివరికి నా వైపు తిరిగి, "కోపమొత్తే బోల్టు తెరిసేసి కింద పెడతానని మాటియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఆయన వెళ్ళి ఈల ఊదాడు.

పదిహేడు గుండ్లు ఒకే చిల్లులో పడ్డట్టు పడ్డాయి. పక్క బల్ల నుంచి చప్పుడు లేదు. నాకు లోపల ఎక్కడో నిప్పు రాజుకుంటున్నట్టు హాయిగా ఉంది. పద్ధెనిమిదోదానికి గురి చూస్తుండగా యజమాని తన పక్కవాడితో మెల్లగా, నాకు వినపడేంత మెల్లగా అన్నాడు.

"స్లగ్ ఇస్తే మా పనిమనిషి కూడా కొడుతుంది."

బోల్టు తెరవలేదు. కింద పెట్టలేదు. నా వేలు ట్రిగ్గర్‌ని నొక్కలేదు, గుద్దింది. రైఫిల్ మూతి పైకి లేచింది. స్కోపులో జారిపోయిన బస్తా పైన దుమ్ము చిన్నగా రేగింది. కార్డు మీద కొత్త చిల్లు లేదు.

రెండు క్షణాలకి సరుగుడు తోట అవతల ఎవరో అరిచారు. మనిషి గొంతులా లేదు. తర్వాత ఆడవాళ్ళ కేకలు.

చాచా ఈల ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు. అందరం తుపాకులు వదిలేసి నిలబడ్డాం. తోటవైపు ప్రహరీకి ఒక చోట గండి ఉంది. కాసేపటికి అందులోంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. పదిహేను మంది దాకా ఉంటారు. ముందు ఒక కుర్ర జాలరి, చేతిలో తెడ్డు. అతని వెనక నలభై దాటిన మనిషి, అతని అన్న అని తర్వాత తెలిసింది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నడిచి వస్తున్నాడు. తువ్వాలు ఏ రంగుదో తెలియడం లేదు. మోచేతి నుంచి రక్తం ధారకట్టి ఇసుకలో పడుతోంది. అతని భుజం పట్టుకుని భార్య. ఆమె అరవడం లేదు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వస్తోంది.

"ఎవుడ్రా కాల్సింది?" అన్నాడు తమ్ముడు.

అన్న తువ్వాలు తీశాడు. కుడి బుగ్గలో వేలు పట్టేంత కన్నం. నోరు తెరిచి అరచేతిలోకి ఉమ్మాడు. రక్తంలో ఒక దవడ పన్ను, సగం విరిగిన ఇంకో పన్ను, ఒక నల్లటి సీసపు ముద్ద.

తమ్ముడు ఆ ముద్ద తీసి పైకెత్తాడు. "ఇదెవుడిది? సెప్పండ్రా నా కొడకల్లారా!"

చాచా ముందుకెళ్ళి చెయ్యి చాపాడు. తమ్ముడు ఏమనుకున్నాడో ఇచ్చాడు. చాచా దాన్ని రెండు వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ముక్కు పువ్వులా విచ్చుకుంది కానీ వెనక భాగం తిన్నగా, నిండుగా అలాగే ఉంది. నడుము లేదు, పావడా లేదు. ఆ మైదానంలో ఆరోజు స్లగ్గులు కాల్చింది ఒక్కరే. అది ఆయనకి తెలుసు, నాకు తెలుసు, పక్క బల్ల మనిషికి తెలుసు.

చాచా పిడికిలి మూశాడు. నా వైపు చూడలేదు.

"నాది" అన్నాడు. "ఈ మైదానం నాది. ఏటీ రాదని మీకు సెప్పినోణ్ణి నాను. తప్పు నాది."

మొదటి దెబ్బ తెడ్డు వెడల్పు వైపుతో ఆయన భుజం మీద పడింది. ఆయన మోకాళ్ళ మీద కూలాడు. రెండోది వీపు మీద. ఇంకో ఇద్దరు వచ్చి కాళ్ళతో తన్నారు. టోపీ ఎగిరి పడింది. ఆయన తల కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టాడు, సీసం పట్టుకున్న ఆ కుడి చెయ్యే. తెడ్డు అంచు ఆ చేతి మీద పడింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. తొమ్మిదిమంది మగవాళ్ళున్నారక్కడ, ఒక్కడు కదల్లేదు. లేఅవుట్ యజమాని కారు గేటు దాటిపోతున్న చప్పుడు వినపడింది.

ఆరు దెబ్బలు పడ్డాయి. నేను లెక్కపెట్టాను. ఆ ఆరు దెబ్బలసేపూ నా నోట మాట రాలేదు. వచ్చేదే కానీ రాలేదు అని రాస్తే అబద్ధం అవుతుంది. ఆయన ఒప్పేసుకున్నాడు కదా, ఇక అయిపోయింది కదా అని నాలో ఏదో అనుకుంది. పిడికిలితో గుద్దే చప్పుడంటే ఇష్టపడ్డ మనిషినే, ముసలాయన వీపు మీద ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.

ఏడోసారి తెడ్డు లేచినప్పుడు అరిచాను.

"అది నాది! నా తుపాకీలోది! నాను కాల్సినాను!"

ఎవరూ వినలేదు. పరిగెత్తుకెళ్ళి చాచా మీద అడ్డంగా పడ్డాను. తెడ్డు నా నడుం మీద పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. స్లగ్గుల రెండో డబ్బా నా జేబులో ఉంది. తీసి ఇసుకలో బోర్లించాను. "సూడండి! ఇవి నావి. ఆ బల్ల నాది. ఆయనకి తుపాకీయే లేదు!"

తమ్ముడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. అప్పుడు కదిలింది భార్య. మొగుడి భుజం వదిలేసి వచ్చి నా జడ పట్టుకుని లేవదీసింది.

"ఆడదానివా? నువ్వా?"

జవాబు చెప్పేలోపే పిడికిలి నా పళ్ళ మీద పడింది. రెండోది కంటి మీద. వల లాగే చేతులవి. నన్ను జుట్టుతో ఇసుకలో ఈడ్చి, నా ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చుని కొట్టింది. "నీ సేతులిరిగిపోను! నీ ఆట కోసం నా మొగుడు మూతి పగలగొట్టినావేటే!" నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. మంచితనం వల్ల కాదు. జీవితంలో మొదటిసారి నాకంటే పెద్ద కోపం చూసి నా కోపం నోరు మూసుకుంది. అవతల ఎవరో నా రైఫిల్‌ని తాటిచెట్టుకేసి బాదుతున్నారు.

ఆమెని ఆపింది ఆమె మొగుడు. మాట్లాడి కాదు, కుప్పకూలి. "ఓలమ్మా, పడిపోనాడే!" అని ఎవరో అరిచారు. ఆమె నా మీద నుంచి లేచింది. అతను వెల్లకిలా పడి, గొంతులోకి పోతున్న రక్తానికి ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు. చాచా నేల మీద పాక్కుంటూ వెళ్ళి, మంచి చేత్తో అతన్ని పక్కకి దొర్లించాడు. "పక్కకి తిప్పండి! రగతం గొంతులోకి పోనీకండి!" అప్పటిదాకా ఆయన్ని కొట్టినవాళ్ళే ఆయన చెప్పినట్టు చేశారు.

మిగతా షూటర్లు అప్పటికే ఎవరి దారిన వాళ్ళు జారుకున్నారు. గేటు దగ్గర నా కారొక్కటే ఉంది.

"ఏటే సూత్తన్నావ్?" అంది ఆమె నాతో. "బండి తియ్యి!"

వెనక సీట్లో ఆమె, ఆమె ఒళ్ళో పక్కకి తిప్పిన మొగుడి తల, వాళ్ళ కాళ్ళ దగ్గర తమ్ముడు. ముందు సీట్లో చాచా, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. నా ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఒంటికంటితో బీచి రోడ్డు మీద నడిపాను. ఆదివారం పొద్దున, జనం ఐస్‌క్రీములు తింటూ ఫొటోలు దిగుతున్నారు. నేను ఎక్కడ నెమ్మదించినా వెనక నుంచి నా తల మీద దెబ్బ పడేది. "పోనీ! పోనీయే!" సిగ్నల్ దగ్గర ఆగితే దెబ్బ. ఆటో అడ్డం వస్తే దెబ్బ. మధ్య మధ్యలో, అదే గొంతుతో, మొగుణ్ణి బుజ్జగించేది. "వచ్చేసినాం, వచ్చేసినాం, కళ్ళు మూసీకు."

చాచా దారంతా ఒక్క మాటే అన్నాడు. నాతో కాదు, వెనక్కి తిరిగి. "ఉమ్మమను అమ్మా. మింగనీకు."

పెద్దాసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకెళ్ళిపోయారు. దవడ ఎముక పగిలింది, నాలుక అంచు తెగింది, మెడలో పెద్ద నరానికి తగల్లేదు. పరీక్ష చేసిన డాక్టరమ్మ చాచా దాచి తెచ్చిన సీసపు ముద్దని చూసి, "ఎయిర్ గన్‌దా ఇది? ఇంత లోపలికి రాదే" అంది. నేను చెప్పాను, ఇది వేరే రకం అని. ఆమె నా మొహం చూసి, "మీరు కూడా కూర్చోండి, కుట్లు వేయాలి" అంది. పై పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి. ముందు పన్ను ఒకటి అక్కడే ఊడి నా చేతిలోకి వచ్చింది.

పోలీసులు వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను ఎవరు కొట్టారని అడిగితే పడిపోయానన్నాను. చాచా కూడా పడిపోయాననే చెప్పాడు. రాసుకుంటున్న కానిస్టేబుల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అందరూ బాగానే పడ్డారు" అన్నాడు.

నా మీద కేసు నడిచింది. కోర్టులో తప్పు ఒప్పుకున్నాను, జరిమానా వేశారు, కట్టాల్సింది కట్టాను. ఫ్యాక్టరీలో కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. మా ఆయన మొదటి వారం ఏమీ అడగలేదు. ఒకరోజు నా పెదవికి మందు రాస్తూ, "నిన్ను కొట్టినప్పుడు నువ్వు తిరిగి కొట్టలేదా?" అని అడిగారు. లేదన్నాను. నమ్మలేనట్టు చూశారు.

చాచా చేతికి ఆపరేషన్ చేశారు. చూపుడువేలు, మధ్యవేలు మళ్ళీ వంగలేదు. ఆకురాయి పట్టుకోలేడు, చిన్న స్క్రూ తియ్యలేడు. రెండు నెలల తర్వాత దుకాణానికి వెళ్ళాను. దారంతా కూడబలుక్కున్న మాటలు చెప్పడం మొదలుపెట్టాను. "చాచా, నా కోసం మీరు ఆ తప్పు మీద వేసుకుని..."

ఆయన ఎడమ చేత్తో సుత్తి ఎత్తి బల్ల మీద కొట్టాడు. మరలూ స్ప్రింగులూ ఎగిరిపడ్డాయి. అన్నేళ్ళలో ఆయన గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు.

"నీ కోసమా? నీ కోసం సెప్పినాననుకున్నావా? ఆళ్ళకి పూచీ పడ్డది నాను! గట్టు సూసింది నాను, బస్తా జారినాదని సూసింది నాను, అయినా ఈల ఊదింది నాను. నీ మొహం సూసి ఊదినాను. అది నా తప్పు. దాన్ని కూడా నువ్వే లాక్కుపోతావా?"

నేను వంగి ఎగిరిపడ్డ స్ప్రింగులు ఏరబోయాను.

"నీ తప్పు నీకు సాలినంత ఉంది బేటీ. నా దాని మీద సెయ్యెయ్యకు. ఎలిపో."

వెళ్ళిపోయాను. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఆయన పొమ్మనలేదు. కింద పడ్డ స్ప్రింగులు ఇంకా కొన్ని బల్ల కిందే ఉన్నాయి. కూర్చుని ఏరాను. ఆ తర్వాత రెండో శనివారాలు వెళ్ళి, ఆయన చెప్పినట్టు ఆకురాయి పట్టేదాన్ని. నా చేతులకి ఆ పని సరిగా రాలేదు. తిట్టేవాడు. పడ్డాను.

జాలరి ఊరికి మొదటిసారి వెళ్ళినప్పుడు, దవడ కట్టేసి ఉన్న మనిషి తాగగలిగేలా పప్పుకట్టు చేసి క్యారేజీలో తీసుకెళ్ళాను. భార్య గుమ్మంలోనే అందుకుని, మూత తీసి, వేడి వేడి కట్టు నా కాళ్ళ మీద పోసి, ఖాళీ క్యారేజీ చేతిలో పెట్టింది. పాదాల మీద బొబ్బలు తేలాయి. రెండోసారి తలుపు తియ్యలేదు. మూడోసారి వెళ్ళేసరికి అతనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కట్లు విప్పారు. మూతి ఒక పక్కకి లాగినట్టు ఉంది, మాట ముద్దగా వస్తోంది. నన్ను గుర్తుపట్టి అడిగాడు.

"ఆ ముసలాయన సెయ్యి ఎలగుంది?"

చెప్పాను. పక్కనే వల సర్దుతున్న తమ్ముడు తల ఎత్తలేదు. మరుసటి శుక్రవారం ఆ తమ్ముడు పెద్ద కోనాం చేప భుజాన వేసుకుని పాతబస్తీలో చాచా దుకాణం ముందు నిలబడ్డాడట. చాచా కోడలు చెప్పింది నాకు. "మావయ్య సేప తీసుకున్నాడు. కూర్సోమనలేదు. ఆ అబ్బాయి సేనా సేపు అలాగే నిలబడ్డాడు."

రెండేళ్ళు గడిచాయి. మొన్న రుషికొండ అవతల రోడ్డు పక్కన చేపలు అమ్మే ఆడవాళ్ళ వరసలో ఆ జాలరి భార్య కనపడింది. నేను దాటి వెళ్ళిపోవచ్చు. కారు ఆపి దిగాను. ఆమె నన్ను చూసింది, చేతిలో కత్తి ఆగలేదు.

"ఏటి కావాల?"

ఒక మాదిరి కోనాం చూపించాను. తూకం వేసి, మొద్దు మీద పెట్టి ఒక్క దెబ్బకి తల వేరు చేసింది. నేను మా ఆయన కట్టించిన పన్నుని నాలుకతో తడుముకుంటూ నిలబడ్డాను.

"ఆయన ఎలా ఉన్నారు?"

"ఏటకెల్తన్నాడు. ఎడం పక్కే నముల్తన్నాడు. ముళ్ళ సేప ఒండితే తిడతన్నాడు." ముక్కలు కోస్తూనే అడిగింది. "నువ్వింకా కాలుత్తన్నావేటి?"

అబద్ధం చెప్పడం సులువే. "ఆఁ" అన్నాను. "గదిలో. పది మీటర్లు. పెల్లెట్లే."

కత్తి ఆగింది. నా చేతుల వైపు చూసింది, ఒకప్పుడు మా ఆయన చూసినట్టు. తర్వాత మొహం చూసింది.

"మానీసినానని సెప్తావనుకున్నాను."

"మానలేదు."

ఆమె ముక్కలు కవర్లో వేసింది. తల విడిగా ఆకులో చుట్టి దాని మీద పెట్టింది.

"పులుసెట్టుకో" అని, నా వెనక నిలబడ్డావిడతో, "నీకేటి కావాలమ్మా?" అంది.